మాటలేని ప్రాణులకు సాక్షి: జాక్ పెరాన్ జీవితము
(మిర్యాలగూడలో గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ఉపన్యాసపాఠము)



పంచాయతీ సమావేశమనగానే మన మనస్సునకు తోచునవి ఇంటిపన్ను, వీధిదీపములు, మురుగుకాలువలు, మంచినీటి ట్యాంకి. ఇవి అవసరములే. వీనిని చూచుకొనుటకే ప్రజలు మిమ్ము ఎన్నుకొనిరి. అయినను నేడు కొంతసేపు వానిని ప్రక్కన నుంచి, మీకు ఒక సినిమా నటుని కథ చెప్పదలచితిమి. ఆయన మన దేశమువాడు కాడు, ఫ్రాన్సు దేశస్థుడు. పేరు జాక్ పెరాన్. వరిపొలముల నడుమ, బియ్యపు మిల్లుల నడుమ ఉన్న మిర్యాలగూడకు ఫ్రాన్సు నటునితో పనియేమి యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ పని యేమో కథ ముగియునప్పటికి మీకే తెలియును.

పెరాన్ 1941వ సంవత్సరము జూలై 13వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తల్లి నటి, తండ్రియు నాటకరంగమున పనిచేసినవాడే. ఇంటిపేరు సిమొనే అయినను, ఆయన తల్లి పేరునే తన పేరుగా స్వీకరించెను. ఇరువదియేండ్ల ప్రాయమున, 1961లో, ఇటలీ దర్శకుడు వలేరియో జుర్లీనీ తీసిన చిత్రములో నటించి పేరు తెచ్చుకొనెను. 1966లో వెనిస్ చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా బహుమానము పొందెను. అందమైన ముఖము, మృదువైన కంఠము, చేతినిండ పని, ఊరూర అభిమానులు. సినిమావానికి ఇంతకన్న కావలసిన దేమున్నది? ఆ దారినే నడచియున్నచో ఆయన సుఖముగా జీవించియుండును. మనము ఆయనను తలచుకొను అవసరము మాత్రము ఉండెడిది కాదు.

ఆయన దారి మరలిన సంగతి వినుడు. 1963లో గ్రీసు దేశమున లంబ్రాకిస్ అను పార్లమెంటు సభ్యుని నడివీధిలో హత్యచేసిరి. అది ప్రమాదమని కొందరు అధికారులు చెప్పజూచిరి. 1967లో ఆ దేశము సైనికుల పాలనలోనికి పోయెను. ఈ హత్యకథను చిత్రముగా తీయవలెనని కోస్టా గావ్రాస్ అను దర్శకుడు తలపెట్టగా ధనము పెట్టుటకు నిర్మాతలు ముందుకు రాలేదు. అప్పుడు పెరాన్, ఇరువదియేడేండ్ల నటుడు, తానే ఒక చిత్రనిర్మాణ సంస్థను స్థాపించెను. గ్రీసులో తీయుట అసాధ్యము గనుక ఆల్జీరియా దేశమునకు పోయి, ఆ దేశపు సహాయముతో చిత్రమును పూర్తిచేసిరి. 1969లో విడుదలయిన ఆ చిత్రము పేరు ఒక్క అక్షరము, 'జెడ్'. అది ఉత్తమ విదేశీ చిత్రముగా ఆస్కారు బహుమానము పొందెను.

ఆ చిత్రములో పెరాన్ వేసిన వేషమును మీరు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆయన ఒక పత్రికావిలేఖరి. మెడలో కెమెరా వేసికొని తిరుగుచు, జరిగినదానికి ఛాయాచిత్రములు తీసి సాక్ష్యము కూర్చువాడు. చచ్చినవాడు తిరిగివచ్చి తన సంగతి చెప్పుకొనలేడు, చూచినవాడే చెప్పవలెను. ఈ సాక్షి వేషము ఆయన జీవితమున ఒక్క చిత్రముతో ముగియలేదు. తరువాత ఐదు దశాబ్దములు ఆయన చేసినదంతయు ఆ పనియే యని మా అభిప్రాయము.

నిర్మాత జీవితము సుఖమైనది కాదు. 1976లో ఆయన నిర్మించిన 'రంగులలో నలుపు తెలుపు' అను భావముగల పేరుతో ప్రసిద్ధమైన చిత్రము ఆస్కారు బహుమానము పొందగా, అదే సంవత్సరమున వచ్చిన 'తార్తారుల ఎడారి' అను చిత్రము ఆయనను అప్పులలో ముంచెను. ఆ అప్పులు తీరుటకు ఏండ్లు పట్టెను. పంట పోయిన రైతు మరుసటి కారునకు మరల నాగలి కట్టినట్లు ఆయనయు మరల పనికి పూనుకొనెను. అప్పు తీర్చుటకు నటించుట, మనస్సునకు నచ్చినదానికై నిర్మించుట, ఇట్లు రెండు చేతులతో పనిచేసెను.

1989లో ఆయన నిర్మాణమున కోతుల జీవితమును గూర్చి ఒక డాక్యుమెంటరీ చిత్రము వెలువడెను. దర్శకుడు జెరార్ వియెన్. ఇక్కడినుండి పెరాన్ దృష్టి నోరులేని ప్రాణులవైపు మరలెను. 1996లో 'మైక్రోకాస్మాస్' అను చిత్రము వచ్చెను. దానిని తీసినవారు క్లోద్ న్యూరిద్సానీ, మరీ పెరెన్నూ అను ఇరువురు జీవశాస్త్రజ్ఞులు. ఆ చిత్రములో కథానాయకుడు లేడు, నాయిక లేదు. ఫ్రాన్సులోని ఒక పచ్చికబయలు, అందులోని పురుగులు, ఇంతే. పేడపురుగు తన ఉండను దొర్లించుకొనుచు పోగా ఆ ఉండ ఒక ముల్లునకు గ్రుచ్చుకొని నిలిచిపోవును. పురుగు త్రోయును, లాగును, క్రిందికి దిగి పొడుచును, చివరకు విడిపించుకొని తన దారిన పోవును. వానచినుకు మనకు చినుకే. చీమకు అది మీదపడు బండ. ఇట్టివానిని చూపుటకు యోగ్యమైన పరికరములను తయారుచేయుటకే రెండేండ్లు పట్టినది. చిత్రీకరణకు మూడేండ్లు పట్టినది. ఇంత ఓపికతో తీసిన ఆ గంటా ఇరువది నిమిషముల చిత్రమును జనులు సినిమాహాళ్లకు పోయి, టిక్కెట్లు కొని చూచిరి.

సభ్యులారా, ఆ పచ్చికబయలు మనకు దూరమైనది కాదు. సాగరు ఎడమకాలువ క్రింది మీ వరిమడి గట్టుపై ఒక గడియసేపు కూర్చుండి చూచినచో అదే కథ కనబడును. 1967లో సాగరు నీరు కాలువలలోనికి వచ్చిన తరువాత ఈ ప్రాంతమున వరి విస్తరించినది. వరితోపాటు సుడిదోమయు విస్తరించినది. దోమపోటు తగిలిన మడి గుండ్రముగా ఎండిపోవుట మీరు చూచినదే. దోమ కనబడగానే మందు కొట్టుట అలవాటు. కాని ఆ మడిలో దోమను తిను సాలెపురుగులు, తూనీగలు, ఆరుద్ర పురుగులు, చిన్న నల్లులు కూడ ఉన్నవి. అన్నిటిని ఒక్కటిగా చంపు మందు కొట్టినచో మిత్రపురుగులు చచ్చును. కొమ్మలో పెట్టిన గ్రుడ్లనుండి దోమ మరల పుట్టును. ఈసారి దానిని తినువారుండరు. ఇది ఊహ కాదు. ఇండొనీషియా దేశమున మందులు పెరిగినకొలది దోమయు పెరుగుట చూచి, 1986లో ఆ ప్రభుత్వము వరికి వాడు 57 రకముల పురుగుమందులను నిషేధించి, రైతులకు మడిలోని పురుగులను గుర్తించుట నేర్పెను. అనగా చూచుట నేర్పెను. పెరాన్ నిర్మించిన చిత్రము చేసినదియు అదియే: కాలిక్రిందనున్నదానిని మనుష్యులచేత చూపించుట.

1999లో పెరాన్ మన పొరుగుదేశమైన నేపాలు కొండలలో తీసిన చిత్రమొకటి నిర్మించెను. దర్శకుడు ఎరిక్ వల్లీ. డోల్పో ప్రాంతపు జనులు జడలబర్రెలపై ఉప్పు వేసికొని మంచుకనుమలు దాటి, దానిని ధాన్యమునకు మార్చుకొను జీవితమే ఆ కథ. ఆ కనుమలపైననే ఏటేట మరియొక బిడారు సాగును. అది పక్షుల బిడారు. పెరాన్ చేసిన పనులలో అందరును చెప్పుకొనునది ఆ పక్షుల చిత్రమే.

ఆ చిత్రము 2001లో వెలువడినది. ఫ్రెంచి పేరునకు 'వలసజనము' అని అర్థము చెప్పవచ్చును. జాక్ క్లూజో, మిషెల్ దెబా అనువారితో కలిసి పెరాన్ స్వయముగా దర్శకత్వము వహించెను. ఏడు ఖండములయందును చిత్రీకరించిరి. నాలుగు వందల ఏబదిమందికి పైగా పనిచేసిరి. వారిలో విమానచాలకులు 17 మంది, ఛాయాగ్రాహకులు 14 మంది. ఆకాశమున ఎగురు పక్షి ప్రక్కనే, దాని రెక్క చప్పుడు వినబడునంత దగ్గరగా కెమెరా సాగుట ఆ చిత్రములోని వింత.

ఇది యెట్లు సాధ్యమయినదో చెప్పెదము. గ్రుడ్డునుండి వెలువడిన బాతుపిల్ల తాను మొదట చూచిన కదలు ప్రాణినే తల్లిగా తలచి వెంబడించును. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ ఈ స్వభావమును పరిశోధించినవాడు. ప్రాణుల నడవడిని గూర్చిన కృషికి 1973లో ఆయనకు నోబెల్ బహుమానమును పంచియిచ్చిరి. పెరాన్ బృందమువారు పక్షులు గ్రుడ్లలో ఉన్నప్పటినుండియే మనుష్యుల కంఠమును, విమానయంత్రపు చప్పుడును వినిపించిరి. పిల్లలు పుట్టిన తరువాత తల్లులవలె రాత్రింబగళ్లు వానితోనే ఉండిరి. పిల్లలు పెరిగి, ఎగురనేర్చి, తమ తల్లి కూర్చున్న చిన్న తేలిక విమానమును వెంబడించెను. ఛాయాగ్రాహకుడు ఆ విమానమునుండి చిత్రము తీసెను.

ఇక్కడ ఒక మాట దాచరాదు. ఆ చిత్రములోని పక్షులలో కొన్ని ఇట్లు చేతిలో పెరిగినవేగాని అన్నియు అడవిపక్షులు కావు. అందుచేత దీనిని అచ్చమైన యథార్థచిత్రమనవచ్చునా యని కొందరు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే పెరాన్ బృందము తాను చేసిన పద్ధతిని దాచలేదు. తరువాత సముద్రజీవులపై క్లూజోతో కలిసి తీసిన 'ఓషన్స్' చిత్రములో, సొరచేపల రెక్కలు కోసి ప్రాణముతోనే సముద్రమున పారవేయు క్రూరమైన వ్యాపారమును చూపవలసివచ్చెను. అప్పుడు చేపను కోయించక, యంత్రముతో కదలు బొమ్మచేపను వాడిరి. సాక్ష్యము చెప్పుటకై మరియొక ప్రాణిని చంపవలసిన పని లేదని వారి భావము. ఆ చిత్రము 2010 జనవరిలో ఫ్రాన్సులో విడుదలయి, 2011లో ఆ దేశపు సెజార్ బహుమానమును ఉత్తమ డాక్యుమెంటరీగా పొందెను.

వలసపక్షుల చిత్రములోని ఒక పక్షి మనకు చుట్టము. తెల్లని తలపై వెనుకభాగమున రెండు నల్లని అడ్డచారలుగల పెద్దబాతు అది. వేసవిలో టిబెట్టు, మంగోలియా మొదలగు చల్లని పీఠభూములలో పిల్లలను పెట్టును. చలికాలమున హిమాలయములను దాటి మన దేశపు చెరువులకు, జలాశయములకు వచ్చును. ఏడు వేల మీటర్లకు పైబడిన ఎత్తున ఇవి ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు యంత్రములు కట్టి కనుగొనిరి. మన దక్కను చెరువులకు కూడ ఇవి వచ్చును. అంత దూరము వచ్చిన పక్షి దిగవలసినది ఎక్కడ? ఏదో ఒక గ్రామపు చెరువులో. ఆ చెరువు ఏ దేశపు ప్రభుత్వము చేతిలోనిదో పక్షికి తెలియదు. అది పంచాయతీ సభ్యుల కనుసన్నలలోనిదని మనకు తెలియును. చెరువు పూడిపోయినను, అంచు ఆక్రమణకు గురియైనను, నీటిలో విషము కలిసినను, ఆ పక్షి ఫిర్యాదు వ్రాయలేదు. మరుసటి ఏడు రాదు, అంతే. అది రాలేదని గుర్తించువాడుకూడ లేకున్నచో, ఒకప్పుడు వచ్చెడిదన్న మాటయు మిగులదు.

మన తెలుగు పల్లెలు ఈ సంగతి ఎరుగనివి కావు. నెల్లూరు ప్రాంతపు నేలపట్టులో గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టును. వాని రెట్టలు పడిన చెరువునీరు పొలమునకు బలమని అచ్చటి రైతులు వానిని చేరదీసిరి. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు వచ్చు పక్షులను ఆ ఊరివారు ఇంటికి వచ్చిన బంధువులవలె చూచుకొందురు. గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు చెరువులలోని చెట్లపై గూడబాతులు, కొంగలు కిక్కిరిసి యుండును. ఆ ఊరు వానిని కాపాడినది. కర్ణాటకములోని కొక్కరె బెళ్లూరులో పక్షులు ఊరినడుమ చింతచెట్లపైననే గూళ్లు కట్టును. గూళ్లున్న చెట్టునకు చింతపండు దక్కదు గదా! చెట్టు యజమానికి కలిగిన నష్టమునకు అచ్చటి అటవీశాఖ కొంత పరిహారము ఇచ్చు ఏర్పాటు చేసినది. పక్షిని కాపాడుటయనగా పేదవాని కంచములోనిది తీసి పక్షికి పెట్టుట కాదని, ఆ భారమును పదిమంది పంచుకొనుటయని ఆ ఊరు మనకు చూపుచున్నది.

ఇప్పుడు మీ ముందునకు రాగల ఒక చిన్న విషయమును ఆలోచింపుడు. చెరువుకట్టమీది చింతచెట్లను నరికి వేలము వేయవలెనని పంచాయతీలో ప్రతిపాదన వచ్చినదనుకొనుడు. వచ్చు ధనముతో బడికి ప్రహరీగోడ కట్టవచ్చును. గోడ అక్కరకు వచ్చునదే. ధనము ఎంత వచ్చునో కాగితముపై ఉన్నది. ఆ చెట్లపై ఎన్ని గూళ్లున్నవో, ఆ పక్షులు పొలములో ఎన్ని పురుగులను తినునో, వేసవిలో ఆ నీడన ఎన్ని పశువులు నిలుచునో ఏ కాగితముపైనను లేదు. ఒకవైపు లెక్క ఉండి రెండవవైపు లేకున్నచో తీర్పు ఎటు మొగ్గునో మీరెరుగుదురు. చెట్టు ఎన్నడును నరుకరాదని మేము చెప్పుట లేదు. రెండువైపుల సాక్ష్యము విన్న తరువాత నిర్ణయింపుడని మాత్రమే మనవి.

ఆ రెండవవైపు లెక్కను వ్రాయుటకు చట్టమే మీకు అధికారమిచ్చినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము 41వ సెక్షను ప్రకారము గ్రామపంచాయతీ ఒక జీవవైవిధ్య కమిటీని ఏర్పరచవలెను. ఊరివారిని అడిగి తెలిసికొని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును వ్రాయుట ఆ కమిటీ ముఖ్యకర్తవ్యము. మన ఊరి చెట్లు, మందుమొక్కలు, చేపలు, పక్షులు, పాతకాలపు వరివంగడములు, వానిని ఎరిగిన పెద్దల జ్ఞానము, అన్నియు అందులో చేరవలసినవే. ఎవరో వచ్చి ఒక్క పూటలో నింపి పోయిన రిజిస్టరు బీరువాలోని కాగితమే అగును. గొర్రెలకాపరిని, చేపలుపట్టు బెస్తవారిని, కలుపుతీయు అమ్మలను, బడిపిల్లలను అడిగి వ్రాసినదే సాక్ష్యమగును. ఇక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలసపక్షులను వేటాడుటను నేరముగా ఎంచినది. పక్షుల గూళ్లను, గ్రుడ్లను పాడుచేయుటయు వేటతో సమానమే. ఈ సంగతి ఊరిలో చాటించుట కూడ మీ పనియే.

2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరుతో 46,000కు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్న సంగతి మీకు తెలిసినదే. పూడిక తీసిన మన్ను పొలములకు చేరినది. చెరువునకు లోతు ఎంత అవసరమో, లోతులేని అంచు కూడ అంతే అవసరము. కొంగ నిలుచునది, బాతు మేయునది, చేప గ్రుడ్లు పెట్టునది ఆ అంచునందే. చెరువుపని జరుగునప్పుడు ఒకవైపు అంచును, నడుమ ఒక మట్టిదిబ్బను, దానిపై రెండు తుమ్మచెట్లను విడిచిపెట్టుటకు పెద్ద ఖర్చు కాదు. అడుగువాడు ఉండవలెను.

పెరాన్ కథను ముగించెదము. 2015లో ఆయన, క్లూజో కలిసి 'ఋతువులు' అను చిత్రము తీసిరి. మంచుయుగము ముగిసిన నాటినుండి యూరపు అడవులు ఎట్లు పెరిగినవో, వ్యవసాయము వచ్చి అవి ఎట్లు తరిగినవో ఆ చిత్రము చెప్పును. అందులో మనుష్యుడు శత్రువుగా మాత్రమే కనబడడు. చోటు పంచుకొనగల పొరుగువాడుగా కూడ కనబడును. నటుడుగా ఆయన నడిచిన దారియు ఆగలేదు. 1988 నాటి 'సినిమా పారడైజో'లో తన పల్లెటూరి సినిమాహాలును తలచుకొను దర్శకుని వేషమున ఆయనను లోకమంతయు చూచినది. 2004లో ఆయన నిర్మించిన, మేనల్లుడు క్రిస్టోఫ్ బరాతియే దర్శకత్వము వహించిన బడిపిల్లల పాటల చిత్రము ఫ్రాన్సులో గొప్ప విజయము పొందినది. 2022వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన, ఎనుబదియేండ్ల వయస్సున, ఆయన పారిసులో కన్నుమూసెను.

ఆయనకున్న కెమెరాలు, విమానములు మనకు లేవు. కాని ఆయన సొమ్ము ముఖ్యముగా కెమెరా కాదు. ఓపికతో చూచుట, చూచినదానిని దాచక చెప్పుట. అది మనకును సాధ్యము. ఒకప్పుడు సమాచారశాఖ వ్యాను ఊరికి వచ్చి తెరకట్టి చిత్రము చూపినప్పుడు ఊరంతయు కూడి చూచెడిది. నేడు ప్రతి యువకుని చేతిలోని ఫోనే కెమెరా. వచ్చే చలికాలమున ఒక ఆదివారము ఉదయము, పంచాయతీ సభ్యులు, బడిపంతులు, పిల్లలు కలిసి మీ చెరువుకట్టపైకి పొండు. ఏ పక్షి ఎన్ని కనబడినవో లెక్కపెట్టుడు. పేరు తెలియకున్నచో ఊరిలో వాడుకపేరే వ్రాయుడు. తేదీ వేసి రిజిస్టరులో చేర్చుడు. మరుసటి ఏడు అదే వారమున మరల లెక్కపెట్టుడు. రెండేండ్ల లెక్క ప్రక్కప్రక్కన నిలిచిననాడు మీ చెరువునకు ఏమి జరుగుచున్నదో మరియొకరు వచ్చి చెప్పవలసిన పని యుండదు.

మంచుకొండలు దాటి వచ్చిన అతిథి మన చెరువులో దిగునప్పుడు, వచ్చినట్లు వ్రాసికొనువాడు ఒకడు కట్టమీద ఉండవలెను. ఆ ఒకడు మీరు కావలెనని మా కోరిక.